తిరుపతి వీధుల్లో ఇన్‌స్టంట్ కెమెరా: వెనక్కి కాదు, రెండడుగులు ముందుకి

ఇన్‌స్టంట్ కెమెరా (నొక్కగానే ఫోటో కాగితం మీద ప్రింటై బయటికొచ్చేది) చేతికి రాగానే తిరుపతిలో ఎవరైనా చేసే మొదటి పని దాదాపు ఒకటే. మిట్టమధ్యాహ్నం గోవిందరాజస్వామి గుడి ముందుకెళ్లి, ఏడంతస్తుల రాజగోపురం మొత్తం పట్టేదాకా వెనక్కి వెనక్కి జరిగి, వెనకనుంచి ఆటోవాడు హారన్ కొట్టేదాకా జరిగి, అప్పుడు బటన్ నొక్కడం. ప్రింటులో వచ్చేది తెల్లగా వెలిసిపోయిన ఆకాశం, అందులో బొటనవేలంత గోపురం, కింద ముఖాలు తెలియని జనం. అరవై రూపాయలు ఖాళీ. దీనికన్నా ఫోన్లోనే బాగా వచ్చేది కదా అనిపిస్తుంది. నిజమే, అలాంటి ఫోటో ఫోన్లోనే బాగా వస్తుంది, అక్కడే తీసుకోండి.

ఈ కెమెరాకి దూరం చేతకాదు, మండుటెండ అసలే చేతకాదు. రెండు మూడడుగుల్లో, నీడపట్టున ఉన్నదాన్ని మాత్రం అద్భుతంగా పట్టుకుంటుంది. కాబట్టి ఊరిని తీయాలంటే ఊరంతా ఒక్క ఫ్రేములో ఇరికించే ఆలోచన మానేసి, ఊరిని ముక్కలుగా చూడటం అలవాటు చేసుకోవాలి. లాడ్జి బోర్డు, పూలు కట్టే చెయ్యి, సప్తగిరి బస్సు కిటికీ, ఫ్లైఓవర్ స్తంభం కింద ఆగిన తోపుడుబండి. ఇక్కడ చెప్పేదంతా అది ఎలా చేయాలన్నదే.

ఏ కెమెరా కొనాలి

మార్కెట్లో రెండు దారులున్నాయి. ఒకటి పోలరాయిడ్. వీళ్ల మొదటి కెమెరా 1948లో అమెరికాలో అమ్మకానికొచ్చింది, డిజిటల్ దెబ్బకి 2008లో ఫిల్మ్ తయారీ ఆపేశారు, నెదర్లాండ్స్‌లో ఎన్‌స్కెడేలో మిగిలిన ఫ్యాక్టరీని కొందరు పట్టుబట్టి మళ్లీ నడిపించారు కాబట్టి ఇవాళ ఆ ఫిల్మ్ దొరుకుతోంది. ప్యాకెట్‌కి ఎనిమిది ఫోటోలే, ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. పైగా ఆ ఫిల్మ్‌కి 13 నుంచి 28 డిగ్రీల మధ్య వాతావరణం కావాలి. తిరుపతిలో పగటిపూట 28 డిగ్రీలలోపు ఉండేది ఎక్కువగా చలికాలంలోనే. అంతకు మించిన వేడిలో ఫోటోలు పసుపు, ఎరుపు కలిసిన రంగులోకి తిరిగిపోతాయి. ఆ రంగు నచ్చేవాళ్లు ఉన్నారు, నచ్చకపోతే మాత్రం మన ఊరికి ఇది ఖరీదైన సరదా.

రెండోది ఫ్యూజీఫిల్మ్ వాళ్ల ఇన్‌స్టాక్స్. 5 నుంచి 40 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, ప్యాకెట్‌కి పది, ప్రింటు తొంభై సెకన్లలో తేలిపోతుంది. మినీ, స్క్వేర్, వైడ్ అని మూడు సైజులు. మినీ ప్రింటు 86 × 54 మిల్లీమీటర్లు, అంటే ఏటీఎం కార్డు సైజు, పర్సులో సరిపోతుంది. అందులో బొమ్మ పడే జాగా 62 × 46 మాత్రమే. వైడ్‌లో బొమ్మ 99 × 62 దాకా వస్తుంది, వీధులు తీయడానికి అదే మేలు, కాకపోతే కెమెరా ఇటుకంత ఉంటుంది, ఫిల్మ్ కూడా ఎక్కువ ధర. మొదటిసారి కొనేవాళ్లు మినీతో మొదలుపెట్టండి. మినీ ఫిల్మ్ ఒక్కో షీటు కొన్న చోటును బట్టి యాభై నుంచి డెబ్బై రూపాయలు పడుతుంది. కొనేముందు డబ్బా మీద ఎక్స్‌పైరీ చూడండి, డిస్కౌంట్ అని అంటగట్టేవి చాలావరకు గడువు దగ్గరపడ్డవే.

మినీల్లో 9, 11, 12 లాంటివి చవక, కానీ ఫ్లాష్ ప్రతిసారీ వెలుగుతుంది, ఆపడానికి స్విచ్ లేదు. మినీ 90లో ఫ్లాష్ ఆపుకోవచ్చు, ఫోటోని కాస్త వెలుగుగానో ముదురుగానో పెట్టుకోవచ్చు, పది సెకన్ల దాకా షటర్ (ఫిల్మ్ మీదికి వెలుతురు వదిలే తలుపు) తెరిచి ఉంచవచ్చు. వీధి ఫోటోలకోసమే కొంటున్నవాళ్లు సెకండ్‌హ్యాండ్ మినీ 90 దొరుకుతుందేమో ముందు వెతకండి. ఇన్‌స్టాక్స్‌లోనే మినీ ఈవో లాంటివి డిజిటల్ కెమెరా, ప్రింటరు ఒకే డబ్బాలో పెట్టినవి. నచ్చింది మాత్రమే ప్రింటు తీసుకోవచ్చు, డబ్బు మిగులుతుంది. నా మటుకు నాకు ఆ డబ్బు మిగలడమే ఇబ్బంది: తీసిన ప్రతిదానికీ షీటు ఖర్చవుతుందంటేనే బటన్ నొక్కేముందు ఇంకోసారి చూస్తాం.

ఎండ లెక్క

ఇది కాస్త ఓపిగ్గా చదవండి, ఫిల్మ్ వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే.

ఇన్‌స్టాక్స్ ఫిల్మ్ స్పీడు 800 ఐఎస్ఓ, ఈ అంకె ఎంత పెద్దదైతే ఫిల్మ్‌కి అంత తక్కువ వెలుతురు చాలు. ఫోటోగ్రఫీలో పాత సూత్రం ఒకటుంది: నిండు ఎండలో ఎపర్చర్ (లెన్స్ రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది) ఎఫ్ 16 పెడితే షటర్ స్పీడు ఐఎస్ఓ అంకెకి దగ్గరగా, అంటే ఇక్కడ 1/800 సెకను ఉండాలి. మినీ 9లో షటర్ ఎప్పుడూ 1/60 సెకనే, అది మారదు. డయల్ తిప్పి పెద్ద సూర్యుడి బొమ్మ దగ్గర పెట్టినా ఎపర్చర్ ఎఫ్ 32 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్ 32కి 1/200 సెకను చాలు, ఇది 1/60 తీసుకుంటోంది, అంటే కావాల్సినదానికి మూడింతలు పైగా వెలుతురు ఫిల్మ్ మీద పడుతోంది. ఆకాశం, తెల్ల పంచెలు, సున్నం గోడలు అన్నీ కలిసి తెల్ల కాగితమైపోవడానికి కారణం ఇదే. ఫోన్ అయితే వెలుగునీ నీడనీ విడివిడిగా సర్దుతుంది, ఈ ఫిల్మ్‌కి ఆ ఓపిక లేదు.

మరి ఎలా? వేసవిలో ఏడున్నరలోపు, చలికాలంలో ఎనిమిదిన్నర దాకా తీయండి. సాయంత్రం నాలుగున్నర దాటాక మళ్లీ మొదలుపెట్టండి. మధ్యలో తీయక తప్పదంటే నీడలోకి వెళ్లండి. నీడలో ఉన్న మనిషిని తీస్తూ వెనక ఎండలో మండుతున్న రోడ్డుని ఫ్రేములో పెడితే మళ్లీ అదే గొడవ. మనిషీ నీడలో ఉండాలి, మనిషి వెనకున్నదీ నీడలో ఉండాలి. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ ఈ విషయంలో ఊరికి పెద్ద ఉపకారం చేసింది. లీలామహల్ సర్కిల్ వైపు దాని కింద నిలబడితే పగలంతా మెత్తటి నీడ. అక్కడ స్తంభానికి ఎదురుగా తిరిగి తీయండి, సిమెంటు గోడే వెనక తెర. రోడ్డు వైపు తిరిగారా, మనిషి నల్లగా, వెనకంతా తెల్లగా వస్తుంది.

ఇంకో చిట్కా, నల్ల కళ్లజోడు. అద్దాన్ని లెన్స్ ముందు ఆనించి పట్టుకుంటే లోపలికెళ్లే వెలుతురు తగ్గుతుంది. కాకపోతే కెమెరా ముఖం మీద లెన్స్ పక్కన చిన్న లైట్ సెన్సర్ ఉంటుంది, దాన్ని కప్పకూడదు. అదీ కప్పితే కెమెరా చీకటిగా ఉందనుకుని ఇంకా వెలుతురు లాగుతుంది, మీ కష్టం మీకే ఎదురు తిరుగుతుంది. కళ్లజోడు రంగును బట్టి ఫోటోకి కొంచెం గోధుమ రంగో ఆకుపచ్చో అంటుతుంది, అది భరించాలి.

కొండ సంగతి వేరు. శేషాచలం కొండలు ఊరికి ఉత్తరాన ఉన్నాయి కాబట్టి వేసవి నడిమధ్య తప్పితే సూర్యుడు కొండ వెనక్కి పోడు, ఊరివైపు ముఖం మీదే ఎండ పడుతుంది. చలికాలం పొద్దున్నే అలిపిరి వైపు వెళ్తే ఆ ఎర్రటి రాతి గోడల మడతలు పక్క వెలుతురులో విడివిడిగా కనబడతాయి. అప్పుడు కూడా కొండ ఒక్కదాన్నే తీయకండి. మినీ ప్రింటులో అది గీతలా వస్తుంది. ముందు ఒక బస్సో, చెట్టు కొమ్మో, మేడ మీద ఆరేసిన బట్టలో పెట్టుకోండి.

ఎంత దూరంలో నిలబడాలి

మినీ 12 లాంటి వాటిలో లెన్స్ ఫోకల్ లెంగ్త్ (లెన్స్‌కీ ఫిల్మ్‌కీ మధ్య దూరమనుకోండి) 60 మిల్లీమీటర్లు, బొమ్మ ఎత్తు 62. ఈ రెండూ ఇంచుమించు సమానం కాబట్టి నోటి లెక్క ఒకటి కుదురుతుంది: మీరు ఎంత దూరంలో నిలబడితే ఫ్రేములో అంత ఎత్తు పడుతుంది, వెడల్పు అందులో ముప్పాతిక. రెండు మీటర్ల దూరంలో రెండు మీటర్ల ఎత్తు, ఒకటిన్నర మీటరు వెడల్పు. మనిషి తలనుంచి కాళ్లదాకా సరిపోతాడు. అదే మనిషి పది మీటర్ల దూరంలో ఉంటే ప్రింటులో ఎత్తు ఒక సెంటీమీటరు. ముఖం నువ్వుగింజంత. గాంధీ రోడ్డు అవతలి పక్కనుంచి ఇవతలి పక్క మనుషుల్ని తీసి, ముఖాలు రాలేదని కెమెరాని తిట్టుకుంటే లాభం లేదు.

అందుకే ముందుకి నడవండి. ఫ్లాష్ అందేది కూడా రెండు మీటర్ల పైచిలుకు దాకే. నాకు బాగా పనిచేసే దూరం మీటరున్నర: మనిషి నడుము పైనుంచి, చేతిలో పని, పక్కన ఒక బోర్డు ముక్క, అంతా సరిపోతుంది.

మరీ దగ్గరికి వెళ్లినప్పుడు ఒక జాగ్రత్త ఉంది. మీరు చూసే కిటికీ వేరు, లెన్స్ వేరు, రెండింటి మధ్య నాలుగు వేళ్ల దూరం ఉంటుంది. దూరపు వస్తువుకి ఇది లెక్కలోకి రాదు కానీ అర మీటరు దగ్గర తలలు తెగిపోతాయి. కెమెరా ముఖం మీ వైపు తిప్పుకుని కాకుండా, ఫోటో తీసేలా పట్టుకుని, చూసే కిటికీ లెన్స్‌కి ఏ పక్క ఉందో గుర్తుపెట్టుకోండి. ఫ్రేము కుదిరాక కెమెరాని మొత్తంగా ఆ పక్కకే నాలుగు వేళ్లు జరిపి నొక్కండి. లెన్స్ వచ్చి సరిగ్గా మీ కన్ను చూసిన చోట నిలబడుతుంది.

1/60 సెకను గురించి ఇంకో ముక్క. దగ్గరగా పోతున్న ఆటో ఆ స్పీడులో సాగిపోయి వస్తుంది. అది చెడిపోవడం కాదు, వాడుకోవచ్చు: కదలకుండా నిలబడిన మనిషి వెనక ఆటోలు పసుపు చారలుగా పోతుంటే రద్దీ తెలుస్తుంది. మీ చెయ్యి మాత్రం కదలకూడదు. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కండి.

ఎక్కడెక్కడ తిరగాలి

వాకర్ ఎవాన్స్ అని అమెరికన్ ఫోటోగ్రాఫర్, పల్లె పేదల ఫోటోలతో 1930లలోనే పేరు పడ్డవాడు, డెబ్బై ఏళ్ల వయసులో 1973లో పోలరాయిడ్ ఎస్‌ఎక్స్-70 చేతపట్టి ఏం తీశాడో తెలుసా? మనుషుల ముఖాలతో పాటు బోర్డులు ఎన్నో. పెయింటు పోయిన అక్షరాలు, రోడ్డు మీద గీసిన బాణాలు, గోడ మీద చిరిగిన పోస్టర్లు. పెద్ద కెమెరాతో పెద్ద ఫోటోలు తీసినవాడికి ఈ చిన్న చతురస్రంలో ఏది ఇముడుతుందో వెంటనే అర్థమైంది.

మన ఊరికి ఇది భలే సరిపోతుంది. ఎందుకంటే యాత్రికుల ఊరు కాబట్టి బోర్డుల మీద ఇన్ని లిపులు చుట్టుపక్కల ఇంకెక్కడా కనబడవు. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లీషు, ఐదూ ఒకే రేకు మీద ఇరుకిరుగ్గా కూర్చుని ఉంటాయి. రైల్వే స్టేషన్ ఎదుట విష్ణు నివాసం పరిసరాలనుంచి గోవిందరాజస్వామి గుడి దాకా నడవండి, తర్వాత తీర్థకట్ట వీధి, బేరి వీధి, గాంధీ రోడ్డు. చేత్తో రాసిన బోర్డులు తగ్గిపోయి ఫ్లెక్సీలు వచ్చేశాయి కానీ పాత లాడ్జీల మెట్ల దగ్గర, హోటళ్ల గల్లాపెట్టెల వెనక ఇంకా ఉన్నాయి. బోర్డుని ఎదురుగా నిలబడి తీస్తే ఫ్లాష్ మధ్యలో తెల్లటి గుండ్రంగా పడుతుంది. ఒక పక్కకి జరిగి ఏటవాలుగా తీయండి. స్టీలు సామాన్ల కొట్టు, గాజుల కొట్టు అద్దాలు, ఎర్రచందనం బొమ్మలు పెట్టిన షోకేసు, అన్నింటికీ ఇదే మందు. గంధం రాసిన గుండుకి కూడా.

బస్టాండు దగ్గర పొద్దున ఆరు, ఆరున్నరకి కొండకెళ్లే బస్సులు వరసగా నిలబడతాయి. బస్సు మొత్తం తీయకండి. ఒక కిటికీ, అందులో ఒక పిల్లాడి ముఖం, కింద రంగు చార, అంతే. నిలబడిన బస్సు పక్కన మీటరున్నర దూరం మీకు ఎప్పుడూ దొరుకుతుంది.

గుడి లోపల కెమెరా నిషిద్ధం, కొండ మీద ఆలయంలోకి ఫోన్ కూడా రానివ్వరు. కాబట్టి కెమెరా పని వీధులవరకే. కొండకి వెళ్లే పనుంటే ఫిల్మ్ గదిలోనే పెట్టి వెళ్లడం మంచిది, అలిపిరి తనిఖీలో బ్యాగులు స్కానర్లోంచి వెళ్తాయి, ఎక్స్‌రేకి ఫిల్మ్‌కి పడదు. రేణిగుంటలో విమానం ఎక్కేటప్పుడు కూడా ఫిల్మ్ చెకిన్ సామానులో వేయకండి, చేతిలో పట్టుకుని, చేత్తో చూడమని అడగండి.

మనుషుల్ని అడగడం

ఫోన్‌తో దొంగచాటుగా తీసినట్టు దీనితో కుదరదు. ఫ్లాష్ వెలుగుతుంది, మోటారు గర్రుమంటుంది, వీధి వీధంతా తల తిప్పి చూస్తుంది. అందుకని ముందే అడిగేయండి. “అక్కా, మీ ఫోటో ఒకటి తీసుకుంటా, ఒకటి మీకే ఇచ్చేస్తా” అంటే చాలు. వెంటనే వచ్చే ప్రశ్న “ఎంతవుతుంది?” అన్నది. యాత్రికుల ఊళ్లో ఫోటో అంటే బేరం అనుకోవడం సహజం. డబ్బులేం వద్దని ముందే చెప్పండి. ఇంకో సంగతి, రెండు తీసేటట్టయితే మొదటిది వాళ్లకి ఇవ్వండి. రెండోది తీసేటప్పటికి మనిషి బిగుసుకుపోవడం తగ్గుతుంది, మీకు మిగిలేది అదే, కాబట్టి నష్టం లేదు.

మాడవీధి మూలన పూలు కట్టే అక్కనే తీసుకోండి. కెమెరా చూడగానే దండ పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, రాయిలా కూర్చుంటుంది. ఆ ఫోటో తీసి ఇచ్చేయండి. చేతిలో షీటు ముందు బూడిద రంగులో ఉంటుంది, అర నిమిషానికి చీర అంచు తేలుతుంది, తర్వాత బొట్టు, ఆ తర్వాత ముఖం. “వచ్చేస్తా ఉంది సూడు” అని పక్క బండివాళ్లు మూగుతారు. వాళ్లు అది చూస్తుండగా అక్క మళ్లీ అరటి నార అందుకుని రెండు చామంతులు, రెండు కనకాంబరాలు అని ముడి వేయడం మొదలుపెడుతుంది కదా, మీ ఫోటో అప్పుడు. కిందికి వంగి, చేతుల ఎత్తులో కెమెరా పెట్టి, అర మీటరుకన్నా దగ్గరైతే దగ్గరి మోడ్ వేసుకుని తీయండి. ఫ్లాష్ అంత దగ్గర్లో తెల్ల పూలని కాల్చేస్తుంది కాబట్టి ఫ్లాష్ మీద పల్చటి తెల్ల కాగితం ఒక మడత అడ్డం పెట్టండి.

గుంపు మూగాక “మాకూ ఒకటి” అంటారు. ప్యాకెట్లో పది షీట్లే. చిన్నపిల్లలకి ఒకటి తీసి, మిగతావాళ్లకి అయిపోయిందని చెప్పి కదిలిపొండి, మొహమాటపడితే ఆరొందలు అక్కడే అయిపోతాయి. పిల్లల్ని తీసేముందు వాళ్ల అమ్మానాన్నల్ని అడగాలి. అడుక్కునేవాళ్లని, నడవలేక కూర్చున్న పెద్దవాళ్లని బాగుంది కదా అని తీయకండి. వాళ్లు వద్దని గట్టిగా అనలేరు.

వేసవి, ఫిల్మ్, డిక్కీ

స్కూటర్ డిక్కీలో ఫిల్మ్ పెట్టకండి. ఏప్రిల్, మే నెలల్లో బయటే నలభై దాటుతుంది, డిక్కీలో ఇంకెంత ఉంటుందో మీరే ఊహించుకోండి. కారు డ్యాష్‌బోర్డు కూడా అంతే. షీటు అంచున ఉండే రసాయనం బయటికొచ్చేటప్పుడు రోలర్ల మధ్య నలిగి బొమ్మంతా పరుచుకుంటుంది, వేడిలో ఆ పని మరీ తొందరగా జరిగి రంగులు మారతాయి. ఫిల్మ్‌ని మందపాటి టవల్లో చుట్టి, నీళ్ల సీసా పక్కన బ్యాగు మధ్యలో పెట్టుకోండి. ఇంట్లో అయితే ఫ్రిజ్‌లో కింద అరలో, డీప్ ఫ్రీజర్లో మాత్రం వద్దు. బయటికి తీశాక గంటసేపు డబ్బా తెరవకుండా ఉంచండి. లేకపోతే చల్లటి షీట్ల మీద తేమ పడుతుంది.

బయటికొచ్చిన ప్రింటుని ఊపకండి. సినిమాల్లో చూసి అందరూ ఊపుతారు, దానివల్ల ఒరిగేదేమీ లేదు, వంగితే లోపల రసాయనం చెదిరి మచ్చలు పడతాయి. ఎండ తగలకుండా బ్యాగులోకో పుస్తకంలోకో జారవిడిచి రెండు నిమిషాలు మర్చిపొండి. ఫోటోలో ఒకే చోట వరసగా మచ్చలు వస్తుంటే రోలర్ల మీద మురికి చేరిందని అర్థం, ప్యాకెట్ అయిపోయాక మెత్తటి గుడ్డతో తుడవండి. ప్యాకెట్ మధ్యలో వెనక మూత తెరిస్తే ఉన్న షీట్లు పాడవుతాయి, ముఖ్యంగా ఇంట్లో పిల్లలుంటే కెమెరా పైన పెట్టుకోండి.

వేసవి అంటే మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర కూడా. బైరాగి వేషం తెల్ల నామకొమ్ముతో, బండ వేషం కుంకుమతో, తోటి వేషం బొగ్గుపొడితో, దొర వేషం గంధంతో వేస్తారు. కెమెరా కొలత ఎప్పుడూ సగటు మీద నడుస్తుంది: ఫ్రేము నిండా తెలుపే ఉంటే బాగా వెలుగుందనుకుని ముదురు చేస్తుంది, నిండా నలుపే ఉంటే చీకటనుకుని వెలుగు పెంచి బొగ్గుని బూడిద చేస్తుంది. మినీ 90 లాంటివి ఉన్నవాళ్లు తెల్ల బైరాగికి వెలుగు పెంచే గుర్తు, నల్ల తోటికి తగ్గించే గుర్తు పెట్టుకోండి. రోజుకో వేషం ఉండే ఆ నాలుగు రోజులూ పొద్దున ఎనిమిదిలోపే తీయడం ఫిల్మ్‌కీ మీకూ మంచిది. వేషగాళ్లు మిమ్మల్ని బూతులు తిడితే కోపం తెచ్చుకోకండి, ఆ జాతరలో అది ఆనవాయితీ.

రాత్రి

చీకటి పడ్డాక మామూలు మినీతో తీస్తే ఫ్లాష్ అందిన రెండు మీటర్లు తెల్లగా, వెనకున్న వీధంతా నల్లగా వస్తుంది. మినీ 12 చీకట్లో షటర్‌ని అర సెకను దాకా తెరిచి ఉంచుతుంది, అందువల్ల వెనక దీపాలు కొంత పడతాయి, కానీ అర సెకను చేత్తో పట్టుకుంటే అంతా అలుక్కుపోతుంది. గోడ మీదో, బండి సీటు మీదో ఆనించండి. దుకాణాల దీపాలున్న వీధికి అర సెకను చాలు. పది సెకన్ల మోడ్ ఉన్నవాళ్లు దాన్ని గాంధీ రోడ్డులో వాడితే మళ్లీ తెల్ల కాగితమే వస్తుంది, అది చీకటి కొండకి, ఘాట్ రోడ్డు మీద మెరిసే దీపాలకి. మేడ మీద ట్రైపాడ్ వేసి, ఫ్లాష్ ఆపి తీయండి.

గోపురం కావాల్సిందేనంటే

ఆరు షీట్లు పక్కన పెట్టుకోండి. బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 1982లో పోలరాయిడ్లతో ఈ పద్ధతిలో చాలా బొమ్మలు చేశాడు: ఒక గదినో మనిషినో ముక్కలు ముక్కలుగా తీసి, తెల్ల అంచులు కత్తిరించకుండా వరసలుగా పేర్చడం. గోవిందరాజస్వామి రాజగోపురం యాభై మీటర్ల ఎత్తు. ఇరవై, ఇరవై ఐదు మీటర్ల దూరంలో నిలబడితే మూడు వరసలు, వరసకి రెండేసి షీట్లలో సరిపోతుంది. పొద్దున ఏడు ప్రాంతంలో వెళ్లండి, గోపురం ముఖం తూర్పుకి కాబట్టి వెలుతురు నేరుగా పడుతుంది, రద్దీ కూడా కాస్త తక్కువ.

కాళ్లు కదపకుండా కెమెరా మాత్రమే తిప్పుతూ కిందనుంచి మొదలుపెట్టండి. ఒక్కో షీటుకీ పక్కదానికీ కొంచెం కలిసేలా చూసుకోవాలి, ఫలానా బొమ్మ రెండింట్లోనూ ఉండాలని మనసులో గుర్తు పెట్టుకుంటే లెక్క తప్పదు. కింది వరస తీసేటప్పుడు జనం మారిపోతుంటారు, ఎడమ షీటులో పూలబుట్టతో ఉన్నావిడ కుడి షీటులోకి కూడా నడిచి రావచ్చు, రానివ్వండి. పై వరసలో ఆకాశం ఎక్కువ పడి గోపురం ముదురుగా వస్తుంది, అక్కడ వెలుగు పెంచే గుర్తు ఉంటే వాడండి. ఆరూ వెంటవెంటనే తీసేయాలి, పావుగంట తేడా వచ్చినా వెలుతురు మారి అతుకు తెలుస్తుంది. తీసినవి తీసినట్టే అదే వరసలో బ్యాగులో పెట్టుకోండి, తర్వాత ఏది ఎక్కడిదో వెతుక్కోవడం పెద్ద పని.

పేర్చాక అట్ట మీద అంటించేటప్పుడు ప్రింటు వెనక ఫెవికాల్ పూయకండి, ఫోటో మూలలకి పెట్టే కాగితపు కార్నర్లు స్టేషనరీ షాపుల్లో దొరుకుతాయి. ఎండ తగిలే గోడకి వేలాడదీస్తే రంగులు వెలిసిపోతాయి. స్కాన్ చేయించేముందు ప్రింటుని ఒక రోజు ఆరనివ్వండి. ఫోన్‌తో తీసుకునేటట్టయితే కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా. తెల్ల అంచు మీద వీధి పేరు, తేదీ సీడీ మార్కర్‌తో రాయండి, బాల్ పెన్ను నొక్కి రాస్తే ఆ గాటు ముందువైపు బొమ్మ మీద తేలుతుంది.